ఆరు చుక్కలకి వందేళ్ళ తగువు

సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజుకి ఎన్నిసార్లు ‘యూజర్’ అంటామో లెక్కే లేదు. యూజర్‌కి ఇది కావాలి, యూజర్ ఇక్కడ నొక్కుతాడు, యూజర్‌కి అది అర్థం కాదు... అన్నీ మనమే చెప్పేస్తాం. ఆ యూజరు మాత్రం మీటింగులో ఉండడు. పెళ్ళికొడుకుని పిలవకుండా పెళ్ళి చేసేసినట్టు ఉంటుంది వ్యవహారం.

మామూలు యూజర్ల విషయంలో ఇలా చేసినా ఎలాగోలా గడిచిపోతుంది. వాళ్ళకీ మనకీ పెద్ద తేడా ఉండదు కాబట్టి మన ఊహ సగమైనా తగులుతుంది. కానీ చూపు లేనివాళ్ళకో, వినపడనివాళ్ళకో, ఆటిజం ఉన్నవాళ్ళకో ఏదైనా తయారుచెయ్యాలంటే మన ఊహ ఎందుకూ పనికిరాదు. కళ్ళు మూసుకుని పది నిమిషాలు నడిచి చూస్తే తెలిసేది చీకటి గురించే గానీ, చూపు లేకుండా ముప్ఫై ఏళ్ళు బతికిన మనిషి గురించి కాదు.

దీనికి నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ బ్రెయిల్ లిపి. లూయీ బ్రెయిల్ పేరు మనందరికీ తెలుసు. ఏటా జనవరి 4న పేపర్లో ఫోటో వేస్తారు. 2009లో ఆయన పుట్టి రెండొందల ఏళ్ళయిన సందర్భంగా మన ప్రభుత్వం రెండు రూపాయల నాణెం కూడా వేసింది. కానీ ఒక విషయం ఎక్కువమందికి తెలియదు. ఆ లిపి ఆయన చదివిన బడిలోనే పూర్తిగా నిలదొక్కుకోడానికి సుమారు ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నీ ఒక్క బ్రెయిల్ మీదకి రావడానికి వందేళ్ళ పైన పట్టింది. సాంకేతికంగా లోపం ఉండి కాదు, నిర్ణయం తీసుకునేవాళ్ళు ఎక్కువగా చూపున్నవాళ్ళు కావడంవల్ల.

కథ మొదటినుంచీ చెప్పుకుందాం.

1785 ప్రాంతంలో వాలెంతీన్ ఆవీ అనే ఆయన పారిస్‌లో అంధ బాలలకి బడి పెట్టాడు. అప్పటిదాకా చూపు లేని పేదపిల్లల గతి బిచ్చమెత్తుకోవడమే. వాళ్ళకి చదువొస్తుందని నమ్మడమే ఆ రోజుల్లో పెద్ద సంగతి, కాబట్టి ఆవీ గారిని తక్కువ చెయ్యడానికి లేదు. ఆయన పద్ధతి ఏంటంటే, మామూలు రోమన్ అక్షరాలనే పెద్దవిగా, తడి కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తడం. పిల్లలు వేళ్ళతో తడిమి ఆ ఆకారాలు గుర్తుపట్టాలి.

వినడానికి బాగానే ఉంది కదా? చూపున్నవాళ్ళకి బాగానే ఉంటుంది మరి. ఆ పుస్తకం మనం చూసినా చదవగలం. చిక్కేంటంటే అక్షరాలు కంటికోసం పుట్టినవి. కన్ను ఒక్క చూపులో ‘బి’కీ ‘ఆర్’కీ తేడా పట్టేస్తుంది, వేలు ఆ వంకర వెంబడి ప్రయాణం చెయ్యాలి. ఒక్కో అక్షరాన్నీ తడిమి, పోల్చుకుని, గుర్తుపెట్టుకుని, తర్వాతి దానికి వెళ్ళేలోపు వాక్యం మొదలు మర్చిపోతారు. పుస్తకాలా, పెద్ద పెద్ద గ్రంథాలు, ఎత్తడమే కష్టం. అన్నిటికంటే ముఖ్యం, ఈ పద్ధతిలో పిల్లలు సొంతంగా రాసుకోవడానికి వీలు లేదు. మన భాషలో చెప్పాలంటే రీడ్ ఓన్లీ! ఎవరో అచ్చువేసి ఇస్తే చదవడమే తప్ప ఒక ఉత్తరం ముక్క రాసుకోలేరు.

ఈ బడిలోకే 1819లో పదేళ్ళ లూయీ బ్రెయిల్ వచ్చి చేరాడు. పారిస్‌కి కాస్త దూరంలో కూవ్రే అనే పల్లెటూరు వాళ్ళది. తండ్రి గుర్రాలకి జీన్లు, తోలు సామాను కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకుంటూ ఉంటే తోలుకి చిల్లులు పొడిచే ఆరె లాంటి పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. ఆ పుండు రెండో కంటికీ పాకి అయిదేళ్ళకల్లా చూపు పూర్తిగా పోయింది.

1821లో షార్ల్ బార్బియే అనే ఒకాయన తను కనిపెట్టిన చుక్కల రాతని ఆ బడికి పరిచయం చేసాడు. సైనికులు చీకట్లో ఆజ్ఞలు చదువుకోడానికి దీన్ని తయారుచేసాడని అన్నిచోట్లా రాస్తుంటారు గానీ, దానికి ఆధారాలు అంత గట్టివి కావని ఇటీవలి పరిశోధకుల మాట. మామూలు చదువు అందనివాళ్ళకి తేలిగ్గా రాత నేర్పాలన్నది ఆయన ఆలోచన. రెండు నిలువు వరసలు, వరసకి ఆరు చొప్పున పన్నెండు చుక్కలదాకా. ఫ్రెంచి భాషలోని శబ్దాలని 36 గళ్ళ పట్టికలో పెట్టి, ఏ అడ్డవరసో ఒక నిలువు చుక్కలతో, ఎన్నో గడో ఇంకో నిలువు చుక్కలతో చెప్పేవాడు. చుక్కలు పొడవడానికి పలక, పుల్ల కూడా ఇచ్చాడు. అంటే మొట్టమొదటిసారి పిల్లలు తామే రాసి తామే చదువుకోగలిగారు. రీడ్ ఓన్లీ కాస్తా రీడ్ రైట్ అయింది.

బార్బియే చేసిన పెద్ద మేలు ఇదే: చుక్క. వేలికి వంకర గీతకంటే చుక్క బాగా తెలుస్తుంది. కానీ ఆయన చూపున్నవాడు. ఆ రాతలో ఉన్న ‘బగ్గులు’ ఆయన చేతికి తగలవు. నిలువునా ఆరు చుక్కలుంటే వేలి కొసకి ఒకేసారి అందవు, పైకీ కిందకీ జరపాలి. పైగా అది శబ్దాల రాత. స్పెల్లింగు లేదు, కామాలు ఫుల్‌స్టాపులు లేవు, అంకెలు లేవు, సంగీతం స్వరాలు లేవు. చూపు లేనివాళ్ళకి ఈపాటి చాలులే అన్న భావన అందులో ఎక్కడో ఉంది. ఆ పిల్లలకి మాత్రం ఈపాటి చాలలేదు. లూయీకి సంగీతం ప్రాణం, తర్వాత చర్చిల్లో ఆర్గాన్ వాయించాడు. మిగతా వాళ్ళు చదివే పుస్తకాలే, ఉన్నవి ఉన్నట్టుగా, తనకీ కావాలి.

1824కల్లా, అంటే పదిహేనేళ్ళకే, అతను దాదాపు తన లిపి తయారుచేసేసుకున్నాడు. ఆరుని మూడు చేసాడు. రెండు నిలువు వరసలు, వరసకి మూడు, మొత్తం ఆరు చుక్కలు. వేలి కొస కింద ఒక్కసారిగా ఇమిడిపోతుంది. శబ్దానికి బదులు అక్షరానికి గుర్తు. ఆరు చుక్కలంటే ఆరు బిట్లు, ఖాళీతో కలిపి 64 రూపాలు. అందులో క్రమం కూడా చూడండి. మొదటి పది అక్షరాలకీ పై నాలుగు చుక్కలే వాడాడు. తర్వాతి పదికీ అవే రూపాలు, కింద ఎడమ చుక్క అదనం. ఆ తర్వాత వాటికి కింద రెండు చుక్కలూ అదనం. పది గుర్తుపెట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. ఆస్కీకి దాదాపు 140 ఏళ్ళ ముందు ఒక కుర్రాడు చేసిన ఎన్‌కోడింగు ఇది! (అన్నట్టు 1999 నాటి యూనికోడ్ 3.0లో బ్రెయిల్‌కి 256 స్థానాలిచ్చారు, చుక్కలు ఎనిమిదికి పెంచి. ఏ చుక్క ఉంటే ఆ బిట్ ఒకటి. పట్టికతో పని లేకుండా కోడ్‌పాయింటు చూసి చుక్కలు చెప్పెయ్యచ్చు.)

1829లో పుస్తకంగా వేసాడు. తమాషా ఏంటంటే ఆ పుస్తకాన్ని పాత ఉబ్బెత్తు రోమన్ అక్షరాల్లోనే అచ్చువెయ్యాల్సి వచ్చింది. అందులో బార్బియేకి తను ఎంత రుణపడ్డాడో కూడా చెప్పుకున్నాడు. ఆ మొదటి వెర్షన్లో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడా ఉండేవి. రాసేటప్పుడు, చదివేటప్పుడు అవి ఇబ్బందని తేలాక 1837 రెండో ముద్రణలో గీతలు తీసేసాడు. వాడి చూసి, దిద్ది, మళ్ళీ విడుదల చెయ్యడం. టెస్టర్లు ఎవరంటే పక్క బల్లల మీద స్నేహితులు.

ఇక కష్టాలు. పిల్లలు దీన్ని వెంటనే అందుకున్నారు. డైరెక్టర్ పీన్యే సానుకూలంగానే ఉండేవాడు గానీ, 1840లో ఆయన్ని పంపించేసి ద్యూఫో వచ్చాడు. ఆయన చుక్కల రాతని పక్కనపెట్టి, స్కాట్లండులో వాడే ఉబ్బెత్తు అక్షరాలు తెచ్చాడు. పిల్లలు దొంగచాటుగా చుక్కలు పొడుచుకుంటూనే ఉన్నారు. ఎందుకు కాదన్నారంటే, ఈ లిపి నేర్చుకుంటే అంధులు మిగతా సమాజం నుంచి వేరైపోతారట. చూపున్నవాళ్ళు చదవలేని రాత అంధులకెందుకు అన్నది వాదన.

ఈ వాదనని కొట్టిపారెయ్యలేం. అందరితో కలిసి బతకాలన్న కోరిక మంచిదే. కానీ ఆ కలవడం కోసం అవస్థ ఎవరు పడాలి అన్నది ప్రశ్న. టీచర్లు ఆరు చుక్కలు నేర్చుకోవడం కొన్ని వారాల పని. ఆ పని తప్పించడానికి పిల్లలు జీవితాంతం ఒక్కో అక్షరం తడుముకుంటూ కూర్చోవాలి!

బ్రెయిల్ దీనికి కూడా సమాధానం ఇచ్చాడు. చూపున్నవాళ్ళకి ఉత్తరం రాయాలంటే ఎలా? 1839లో మామూలు అక్షరాల ఆకారాలనే చుక్కలతో, నిలువునా పది చుక్కల కొలతలో రాసే పద్ధతి ప్రకటించాడు. అది చేత్తో చెయ్యడం విసుగు పని కాబట్టి, 1841లో ఇంకో అంధుడు పియేర్ ఫూకో దానికి ఒక యంత్రం తయారుచేసాడు. మన డాట్ మేట్రిక్స్ ప్రింటర్‌కి ముత్తాత అనుకోవచ్చు. అంధుల వేలు కంటిలా పనిచెయ్యాలని పట్టుబట్టకుండా, మధ్యలో అనువాదం చేసే పని యంత్రానికి అప్పగించారు.

చివరికి ద్యూఫో కిందే పనిచేసే గ్వాదే అనే ఆయన పూనుకుని నచ్చచెప్పడంతో 1844లో బడి కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరిముందూ బ్రెయిల్ రాసి, చదివి చూపించారు. బ్రెయిల్ 1852 జనవరి 6న, 43 ఏళ్ళకి క్షయతో పోయాడు. ఫ్రాన్సు అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

తర్వాతి మలుపు ఇంగ్లండులో. అక్కడ అప్పటికి నాలుగైదు రకాల ఉబ్బెత్తు రాతలు పోటీపడుతున్నాయి. ఒక్కో బడి ఒక్కో రాతకి కట్టుబడి ఉంది. థామస్ ఆర్మిటేజ్ అనే డాక్టరు చూపు పోయి వృత్తి మానుకోవాల్సి వచ్చిన మనిషి. 1868లో ఒక సంఘం పెట్టి (ఇప్పటి ఆర్.ఎన్.ఐ.బి. అదే) ఏ రాత మంచిదో తేల్చడానికి కమిటీ వేసాడు. కమిటీ నిబంధనలు చూస్తే ముచ్చటేస్తుంది. సభ్యులు చూపు లేనివాళ్ళే అయ్యుండాలి, కనీసం మూడు రకాల రాతలు వేళ్ళతో చదవగలిగి ఉండాలి, ఏ రాత మీదా వాళ్ళకి డబ్బు లాభం ఉండకూడదు. రెండేళ్ళలో బ్రెయిల్ అని తేల్చేసారు. సరైన వాళ్ళని కూర్చోబెడితే రెండేళ్ళ పని అది.

కూర్చోబెట్టకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. సరిగ్గా అదే 1868లో న్యూయార్క్ అంధుల బడి అధికారి విలియం బెల్ వెయిట్ ‘న్యూయార్క్ పాయింట్’ అని కొత్త చుక్కల రాత తెచ్చాడు. ఎక్కువగా వచ్చే అక్షరాలకి తక్కువ చుక్కలు, ఎత్తు రెండు చుక్కలే, వెడల్పు మాత్రం ఒకటి నుంచి నాలుగు దాకా. హఫ్‌మన్ కోడింగ్ చదువుకున్న మనకి ఇది భలే నచ్చుతుంది. కాగితం ఆదా అవుతుంది. కానీ పెద్దక్షరాలు, విరామచిహ్నాలు అందులో ఇబ్బందిగా ఉండి, చాలా పుస్తకాల్లో వాటిని సరిగ్గా వాడేవారే కాదు. మళ్ళీ అదే ‘వాళ్ళకి ఈపాటి చాలు’ ధోరణి. 1878లో బోస్టన్‌లో పియానో శృతి చెయ్యడం నేర్పే జోయెల్ స్మిత్ ఇంకోటి తెచ్చాడు, ‘అమెరికన్ బ్రెయిల్’. అతను అంధుడే. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కనిపెట్టినవాడు అంధుడైనంత మాత్రాన తగువు తీరిపోలేదు, ఇంకో స్టాండర్డు పెరిగిందంతే :-) ఒక మనిషి అభిప్రాయం వేరు, వాడేవాళ్ళందరి వేళ్ళ మీద పరీక్షించడం వేరు.

ఫలితం అనుభవించింది పాఠకులు. డబ్బు తక్కువ, పుస్తకాలు తక్కువ, ఉన్న ఆ కాస్త డబ్బుతో ఒకే పుస్తకాన్ని రెండు మూడు రాతల్లో అచ్చువేసేవారు. ఒక రాష్ట్రం బడిలో చదివిన పిల్ల ఇంకో ఊరి గ్రంథాలయంలో నిరక్షరాస్యురాలు. హెలెన్ కెల్లర్ చదువుకోసం ఇన్ని రాతలూ నేర్చుకోవాల్సి వచ్చిందని గట్టిగానే విసుక్కుంది. 1909లో న్యూయార్క్ నగర బడుల్లో ఏది వాడాలన్న దాని మీద బహిరంగ విచారణ జరిగితే బ్రెయిల్ పక్షాన ఉత్తరం రాసింది. ఆ విచారణలో న్యూయార్క్ పాయింట్ ఓడిపోయింది, అదీ న్యూయార్కులోనే. చివరికి 1918 నాటికి అమెరికా బడులు అసలు బ్రెయిల్ అక్షరాల వైపు తిరిగాయి. 1932లో లండన్‌లో బ్రిటన్, అమెరికా ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నాయి. 1829 నుంచి లెక్కేస్తే 103 ఏళ్ళు.

ఇదంతా మనకి సంబంధం లేనిదనుకోకండి. మన దేశంలోనూ ఒక్కో ప్రాంతంలో ఒక్కో బ్రెయిల్ పుట్టుకొచ్చాయి. 1949లో భారత ప్రభుత్వం ఈ గందరగోళం తీర్చమని యునెస్కోని అడిగింది. ఆ పని నడిపించింది క్లూథా మెకంజీ అనే న్యూజీలండు మనిషి. 1915లో గలిపోలి యుద్ధంలో చూపు పోగొట్టుకుని, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో డెహ్రాడూన్‌లో అంధ సైనికుల శిక్షణాలయం నడిపాడు. 1951 బీరూట్ సమావేశం తర్వాత మనకి ‘భారతి బ్రెయిల్’ వచ్చింది. సూత్రం చిన్నదే: ఏ భాషైనా, ఒకే శబ్దానికి వీలైనంతవరకు ఒకే గుర్తు. తెలుగు ‘క’కీ, హిందీ ‘క’కీ, ఇంగ్లీషు ‘కె’కీ అవే చుక్కలు, ఒకటి, మూడు. మన గుడులు, కొమ్ములు, ఒత్తులు పైకీ కిందకీ పోకుండా అన్నీ ఒకే వరసలో వస్తాయి. ‘అమ్మ’ అనాలంటే అ, పొల్లు గుర్తు, మ, మ. నాలుగు గళ్ళు, అంతే. తెలుగు ఒత్తుల రెండరింగుతో కుస్తీపట్టిన ఎవరికైనా ఇది చూస్తే అసూయ పుడుతుంది.

కంప్యూటర్లు వచ్చాక కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి బాగుచేసినవాళ్ళలోనూ ఎక్కువమంది వాడేవాళ్ళే. జాస్ స్క్రీన్ రీడర్ వెనక ఉన్న టెడ్ హెంటర్ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న ఇంజనీరు. పూనాలో పుట్టి పద్నాలుగేళ్ళకి చూపు కోల్పోయిన టి.వి. రామన్, 1995లో ఈమాక్స్‌పీక్ విడుదల చేసాడు. స్క్రీన్ రీడర్లు తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చదివేవి. కేలండర్ గడి మీదకి వెళ్తే ‘1’ అంటాయి. చూసేవాడికి పైనున్న వారం పేరు కనపడుతుంది, వినేవాడికి ఆ ‘1’తో ఏం లాభం? ఈమాక్స్‌పీక్ మాత్రం ఫలానా వారం, ఫలానా నెల, ఒకటో తారీకు అని పూర్తిగా చెబుతుంది. తెర బొమ్మని చదివించడం ఆవీ గారి ఉబ్బెత్తు అక్షరాల లాంటిది. అర్థాన్ని చెవికి తగ్గట్టు చెప్పడం బ్రెయిల్ చేసిన పని. ఇక 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు ఎన్.వి.డి.ఏ. మొదలుపెట్టాడు. పైథాన్‌లో రాసిన ఓపెన్ సోర్స్, ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. జాస్ కొనలేని ఎన్నో ఇళ్ళకి కంప్యూటర్ చేరింది దీనివల్లే.

ఇప్పుడు రోబోల వంతు. 2000ల నుంచి ఎన్నో పరిశోధనశాలల్లో ఆటిజం ఉన్న పిల్లలకోసం రోబోలు తయారుచేస్తున్నారు. వాటిల్లో చాలావాటికి అప్పజెప్పిన పని, పిల్లలకి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం నేర్పించడం. కానీ ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఎంతోమంది చెప్తున్నదేంటంటే, కళ్ళలోకి చూడమంటే తమకి బాధగా ఉంటుందని, పక్కకి చూస్తేనే మాట బాగా వినగలమని. మరి ఆ రిక్వైర్‌మెంట్ రాసిందెవరు? నాకైతే ఇది ఉబ్బెత్తు రోమన్ అక్షరాల కథ మళ్ళీ నడుస్తున్నట్టే ఉంది. మనలా కనపడితే బాగుపడినట్టు అనుకోవడం.

ఇంకోలా కూడా చెయ్యచ్చు. జపాన్‌లో యోషిఫుజి కెంతారో తయారుచేసిన ఒరిహిమే అనే రోబో ఉంది. మంచం మీంచి లేవలేనివాళ్ళు ఇంట్లోంచే దాన్ని నడుపుతారు. యోషిఫుజి స్వయంగా చిన్నప్పుడు జబ్బు చేసి మూడేళ్ళకు పైగా బడికి దూరమైనవాడు. వెన్నెముక దెబ్బతిని ఇరవై ఏళ్ళకు పైగా మంచంలో ఉన్న బందా యూతా అతనితో కలిసి పనిచేసాడు, గడ్డంతో కంప్యూటర్ నడుపుతూ. కాఫీ తెచ్చివ్వగల పెద్ద రోబో ఆలోచన వాళ్ళిద్దరి మాటల్లోంచే పుట్టింది. యూతా 2017లో చనిపోయాడు. 2018లో టోక్యోలో ఆ రోబోలతో ప్రయోగాత్మకంగా కేఫ్ నడిపారు, 2021 జూన్‌లో శాశ్వతంగా తెరిచారు. అక్కడ రోబోలు నడిపేవాళ్ళకి జీతం ఇస్తారు. కొత్త టెక్నాలజీకంటే నాకు ఆ జీతమే గొప్పగా అనిపిస్తుంది.

మనవైపు సంగతి మీకు తెలిసిందే. యాక్సెసిబిలిటీ టికెట్ అంటే బ్యాక్‌లాగులో అడుగున పడి ఉండేది. క్లయింటు అడిగితేనో, అమెరికాలో కేసు పడుతుందంటేనో పైకొస్తుంది. అప్పుడు మనమే టూల్ నడిపి, ఎర్రవన్నీ పచ్చగా మార్చి మూసేస్తాం. స్క్రీన్ రీడర్‌తో రోజూ బతికే మనిషి చేత ఒక్కసారైనా వాడించి చూసే టీములు ఎన్ని? పైగా మనం ఉద్యోగాలకి పెట్టే ఆన్‌లైన్ పరీక్ష పేజీయే స్క్రీన్ రీడర్‌తో తెరుచుకోకపోతే, అలాంటి మనిషి మన టీములోకి వచ్చేదెలా? గుమ్మం దగ్గరే ఆపేసి, లోపల కూర్చుని వాళ్ళకేం కావాలో చర్చించుకుంటున్నాం.

ఆర్మిటేజ్ కమిటీ నిబంధనలు మూడూ ఇవాళ్టికీ పనికొస్తాయి. తేల్చేవాళ్ళు వాడేవాళ్ళే అయ్యుండాలి. ఒక్కటి కాదు, కనీసం మూడు రకాలు వాడి చూసినవాళ్ళై ఉండాలి. ఏదో ఒకటి నెగ్గితే వాళ్ళకి డబ్బు రాకూడదు. నేనైతే నాలుగోది కలుపుతాను: వాళ్ళ సమయానికి డబ్బివ్వాలి, మనకిచ్చినట్టే.

1952లో, చనిపోయిన వందేళ్ళకి, బ్రెయిల్ అస్థికలని పారిస్‌లో దేశం గర్వించే మహానుభావుల పక్కన, పాంథియన్‌లో పెట్టారు. చేతులు మాత్రం సొంతూరు కూవ్రేలోనే ఉంచేసుకున్నారు. ఊరివాళ్ళకి తెలుసు, ఆ పని చేసింది ఏవో. మీ టీములో ఈ రకం నిర్ణయాలు ఎవరి చేతులు తీసుకుంటున్నాయో మీరూ ఒకసారి చూసి చెప్పండి.